బొమ్మ ఇచ్చి మాట బిగబట్టారు

ఒక కాలేజీలో జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాను. కాలేజీ పేరు అక్కర్లేదు. అలాంటిది మా పావగడ తాలూకా పిల్లలు చదివే ఏ కాలేజీలోనైనా జరగవచ్చు. డబ్బు దాచుకోవడం, అప్పు తీసుకోవడం, ఫోన్లలో వచ్చే మోసాలు, ఇలాంటి వాటి మీద నాలుగు మాటలు చెప్పి రమ్మని బ్యాంకువాళ్లు అప్పుడప్పుడు మమ్మల్ని కాలేజీలకు పంపుతుంటారు. అలా వెళ్లిన రోజున నా ప్రసంగం ముగిశాక లెక్చరరు గారు, "ఒక అరగంట కూర్చోండి సార్, పిల్లలకు డాక్యుమెంటరీ ఒకటి వేస్తాండాం, మీరూ చూసి పోదురు" అన్నారు. కూర్చున్నాను.

సినిమా ఫ్లోరైడు నీళ్ల గురించి. మా తాలూకాకు ఇంతకంటే దగ్గరి విషయం లేదు. బోరు నీళ్లు తాగి పండ్లు పచ్చబడినవాళ్లు, మోకాళ్లు వంగనివాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. సినిమా తీసింది నల్లగొండ వైపు. తెర మీద ఒక ముసలవ్వ గడప మీద కూర్చుని తన కాళ్లు చూపిస్తూ ఏదో చెబుతోంది. మొదటి రెండు మాటలు తెలుగులో వినబడ్డాయి. అంతే, ఆ గొంతును కిందికి తొక్కేసి, దాని మీద ఒక ఇంగ్లీషు గొంతు లేచింది. అవ్వ పెదాలు కదులుతూనే ఉన్నాయి. క్లాసులో ఉన్న అరవై మందిలో యాభై మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. ఆ ఇంగ్లీషు గొంతు చెప్పింది సగం మందికి కూడా అందలేదని వాళ్ల ముఖాలే చెప్పాయి.

సినిమా అయ్యాక వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, ఆ అవ్వ మాట్లాడేది మన మాటే గదా. ఆమె గొంతు ఎందుకు తగ్గించేసినారు?"

లెక్చరరు గారు నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించారు. తర్వాత టీ తాగుతూ అసలు సంగతి చెప్పారు. సినిమా కింద కన్నడ అక్షరాలు, తెలుగు అక్షరాలు వేద్దామని ఆయనే అనుకున్నారట. పిల్లల చేతనే రాయించాడట కూడా. కానీ ఒప్పందంలో ఒక్క అక్షరం చేర్చకూడదు, ఒక్క నిమిషం కత్తిరించకూడదు అని ఉంది. "ఏం చేసేది సార్, అద్దె సొమ్ము. మేకు కొట్టల్లన్నా ఇంటాయప్పను అడగల్ల గదా" అన్నారు.

ఆ ఒప్పందం కాగితాన్ని అడిగి తీసుకుని చదివాను. నేను సాహిత్యం చదివినవాణ్ని కాను. బీకాం చదివి బ్యాంకులో చేరి ముప్పై ఏళ్లు కాగితాలే చదివాను. ఏ కాగితంలో ఎవరి మెడకు ఉచ్చు ఉందో వెతకడమే మా పని. ఇందులో వెతికే శ్రమ కూడా లేకపోయింది. సినిమాలు ఇంటర్నెట్టు మీద వస్తాయి, దాన్ని స్ట్రీమింగ్ అంటారు. కాలేజీ ఏడాదికింత అని కట్టాలి. ఏడాది నిండిన మర్నాడు తెర మీద ఏమీ రాదు. నకలు తీసుకోరాదు. అనువాదం చేయరాదు. ఏ సినిమానైనా కంపెనీ ఎప్పుడైనా జాబితాలోంచి తీసేయవచ్చు, అందుకు డబ్బు వాపసు లేదు. మరుసటి ఏడాది ధర ఎంతో మరుసటి ఏడాదే చెబుతారు. ఇక ఆ జాబితాలో తెలుగు సినిమా ఒక్కటి లేదు. కన్నడవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పాఠకులు ఒక్క నిమిషం ఆలోచించాలి. ఏ తాలూకా కాలేజీ గ్రంథాలయంలోనైనా నలభై ఏళ్ల నాడు కొన్న పుస్తకాలు ఇవాళ్టికీ ఉంటాయి. అట్టలు ఊడి ఉండవచ్చు, పురుగు తిని ఉండవచ్చు, కానీ ఉంటాయి. ఆ పుస్తకం అంచున లెక్చరరు పెన్సిలుతో తెలుగు అర్థం రాసుకోవచ్చు. తర్వాతి పిల్లవాడు అది చూసి చదువుకోవచ్చు. ఇప్పుడు అదే కాలేజీ సినిమాల కోసం ఐదేళ్లు డబ్బు కట్టిందనుకోండి. ఆరో ఏట కట్టలేకపోయింది. దాని చేతిలో మిగిలేది ఏమిటి? రసీదులు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, ఖర్చు పద్దులో అంతా ఉంది, ఆస్తి పద్దులో సున్నా.

గుత్తకు తీసుకోవడం తప్పని నేననడం లేదు. గుత్త అంటే ఏమిటో పావగడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తిరుమణి, వళ్లూరు చుట్టుపక్కల దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. 2018లో దాని మొదటి దశ మొదలైంది. అక్కడి రైతులు భూమి అమ్మలేదు, గుత్తకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి నూటికి ఐదు చొప్పున పెంపు. ఆ ఏర్పాటువల్ల కూలీ జనానికి పని పోయిన మాట నిజం, దాని మంచిచెడ్డలు వేరే వ్యాసానికి వదిలేస్తాను. నేను చూపించదలచింది ఒక్కటే. వేలిముద్ర వేసే రైతు కూడా సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడిగాడు: ఎన్నేళ్లు? ఎంత? ఎప్పుడెప్పుడు ఎంత పెరుగుతుంది? పహణి ఎవరి పేర ఉంటుంది? డాక్టరేట్లు ఉన్న పెద్దలు నడిపే విశ్వవిద్యాలయాలు ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటైనా అడుగుతున్నాయా? అడిగి ఉంటే అలాంటి కాగితం తాలూకా కాలేజీ దాకా వచ్చేదా?

ఇది మన వెనకబాటుతనంవల్ల వచ్చిన తంటా అనుకుంటే పొరపాటు. డబ్బున్న దేశాల్లోనూ ఇదే కథ. ఆస్ట్రేలియాలో 2008లో పుట్టిన కానొపీ అనే కంపెనీ ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలకు, గ్రంథాలయాలకు సినిమాలు స్ట్రీమింగ్ చేస్తుంది. విశ్వవిద్యాలయాలతో దాని పద్ధతి చూడండి. ఒక సినిమాను విద్యార్థులు కొన్నిసార్లు చూశారంటే చాలు, ఆ సినిమాకు ఏడాది లైసెన్సు విశ్వవిద్యాలయం ఖాతాలో పడిపోతుంది. ఒక్కో సినిమాకు ఏడాదికి సుమారు 150 డాలర్లు. అంటే పిల్లలు ఎంత శ్రద్ధగా చూస్తే బిల్లు అంత లావవుతుంది! చదువు మీద ఆసక్తి పెరిగితే గ్రంథపాలకుడి గుండె జారాల్సిన ఏర్పాటు ఇది. 2019లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ అంతటిది ఈ ఖర్చు భరించలేమని ఆ కంపెనీతో ఒప్పందం మానుకుంది. న్యూయార్కు నగరం చేతులెత్తేసిన చోట పావగడ ఏం నిలబడుతుంది?

అమెరికాలోనే మరో సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ శాఖ తాను కొన్న డీవీడీలను విద్యార్థులకు ఇంటర్నెట్టు మీద చూపింది. అందులో బీబీసీ తీసిన షేక్స్‌పియరు నాటకాలున్నాయి. 2010లో విద్యా సినిమాల వ్యాపారులు దావా వేశారు. 2012కల్లా కోర్టు ఆ దావాను కొట్టేసింది. అయితే కొట్టేయడానికి ముఖ్య కారణాలు ప్రభుత్వ సంస్థ మీద దావా చెల్లదన్న తరహావి. కొన్న సినిమాను క్లాసు పిల్లలకు తెర మీద చూపినట్టే కంప్యూటరులో చూపవచ్చా అన్న అసలు ప్రశ్నకు సూటి జవాబు రాలేదు. ఆ సందుల్లోనే వ్యాపారం బలిసింది.

మన చట్టం సంగతేమిటి? మన కాపీరైటు చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణ జరిగింది. అందులో 52వ సెక్షను చదువుకునేవాళ్లకు కొన్ని మినహాయింపులిచ్చింది. విద్యాసంస్థ పనిలో భాగంగా, ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థతో సంబంధమున్నవాళ్లు మాత్రమే చూసేటట్టు సినిమా వేస్తే అది ఉల్లంఘన కాదు. అలాంటి ప్రేక్షకులకు సినిమాను అందజేయడం గురించి కూడా అక్కడ మాట ఉంది. ఎంత మంచి మాట! తల్లిదండ్రుల్ని కూడా కలుపుకున్న చట్టం అది. కానీ ఆ మాట రాసినవాళ్ల కళ్ల ముందు ఒక హాలు, ఒక తెర, బెంచీలు ఉన్నాయి. 2020లో కరోనా వచ్చి కాలేజీలకు తాళాలు పడ్డాయి. హాలు పోయి ప్రతి పిల్లవాడి చేతిలో ఫోను మిగిలింది. అదే క్లాసు, అదే పిల్లలు, అదే పాఠం. ఫోనులో చూస్తే మినహాయింపు వర్తిస్తుందా, వర్తించదా? వర్తిస్తుందని వాదించడానికి చట్టంలో మాట ఉంది. ఆ వాదన చేయడానికి ఏ విశ్వవిద్యాలయానికీ గుండె లేదు. పైగా చట్టం ఇచ్చిన వెసులుబాటును ఒప్పందం మీద సంతకం పెట్టి తామే వదిలేసుకుంటున్నారు. నకలు కూడదు, మార్పు కూడదు, ఫలానా చోట తప్ప చూడకూడదు అని రాసిన దానికి కళ్లు మూసుకుని ముద్ర వేస్తున్నారు.

గుండె ఉంటే ఏమవుతుందో ఢిల్లీలో చూశాం. విశ్వవిద్యాలయం ఆవరణలో రామేశ్వరీ అనే జెరాక్సు దుకాణం పాఠ్యభాగాలు కలిపి కట్టలుగా అమ్ముతోందని 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి లాంటి మహా ప్రచురణ సంస్థలు దావా వేశాయి. విద్యార్థులు, అధ్యాపకులు కూడా కోర్టుకెక్కి దుకాణం పక్షాన నిలబడ్డారు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి కొన్ని విషయాలను తిరిగి విచారణకు పంపినా, బోధన కోసం నకలు తీసుకోవడం న్యాయమే అన్న మూల సూత్రాన్ని నిలబెట్టింది. ప్రచురణకర్తలు 2017లో దావా విరమించుకున్నారు. ఒక జెరాక్సు దుకాణం చేసిన పోరాటాన్ని సినిమాల విషయంలో ఏ వైస్ ఛాన్సలరైనా చేశారా?

అనువాదం దగ్గరికి వద్దాం. మనలాంటి భాషా అల్పసంఖ్యాకులకు ప్రాణం పోసేదీ తీసేదీ ఇదే. పుస్తకం విషయంలో 32వ సెక్షను ఒక దారి చూపింది. ఒక గ్రంథం వచ్చిన ఏడేళ్ల తర్వాత, హక్కుదారుడు ఒప్పుకోకపోయినా, తగిన రుసుము కట్టి అనువాదానికి లైసెన్సు అడగవచ్చు. అది గ్రంథాలకూ నాటకాలకూ ఉద్దేశించిన దారి. సినిమాను తెలుగులోకో, కన్నడలోకో డబ్బింగ్ చేసుకుంటానని ఒక తాలూకా కాలేజీ వెళ్లి తలుపు తట్టడానికి అలాంటి తేలిక దారి లేదు. పుస్తకం నోరు తెరిపించవచ్చట, సినిమా నోరు తెరిపించకూడదట. చదవడం తక్కువగా వచ్చినవాడికే సినిమా ఎక్కువ అవసరమని చట్టం చేసినవాళ్లకు ఎవరు చెప్పాలి?

"ఒకే బొమ్మకు రెండు భాషల్లో మాట పెట్టడం అంత సులువా?" అని అడిగే పెద్దలున్నారు. వాళ్లకు యాభై ఏళ్ల నాటి సంగతి చెబుతాను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికావాళ్లు వాడుకోనిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా టీవీ పాఠాలు పంపింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది, కర్ణాటక ఉంది. ప్రసారాల భాషల్లో తెలుగు ఉంది, కన్నడ ఉంది. ఒక బొమ్మతో పాటు రెండు ధ్వనులను పంపే వీలు ఆ ఏర్పాటులోనే ఉంది. చాలా పల్లెల్లో కరెంటు కూడా సరిగా లేని రోజుల మాట ఇది. ఇవాళ అరచేతిలో ఫోను పెట్టుకుని, ఒక్క మీట నొక్కితే పది భాషలు మార్చే సినిమాలు చూస్తూ, పాఠం సినిమాకు మాత్రం రెండో గొంతు కుదరదంటే నమ్మాలా? కుదరనిది యంత్రానికి కాదు, లైసెన్సుకు.

ఇక ప్రజల సొమ్ముతో తీసిన సినిమాల సంగతి. ఇది నాకు మరీ కడుపు మండే విషయం. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్ మీద కళాశాల విద్యార్థుల కోసం కార్యక్రమాలు మొదలుపెట్టింది. నా కుర్రతనంలో పక్కింటివాళ్ల టీవీ ముందు కూర్చుని వాటిని చూసేవాణ్ని. బొమ్మలు బాగుండేవి, మాట మాత్రం ఇంగ్లీషు. వాటిని తయారు చేయడానికి విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేక కేంద్రాలు వెలిశాయి. హైదరాబాదులో ఉస్మానియాలో ఉంది, మన కర్ణాటకలో మైసూరులో ఉంది. 2004లో చదువు కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి పైకి పంపారు. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో కేంద్ర విద్యాశాఖ కంప్యూటర్ల ద్వారా ఉన్నత విద్య అనే జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. శ్రీహరికోట తెలుగు నేల, తిరుపతి తెలుగు నేల. కొబ్బరికాయ కొట్టింది మన గడ్డ మీద, ప్రసాదం మాత్రం మన భాషకు దక్కింది తక్కువ. ఐఐటీల పాఠాలను ఇటీవల తెలుగు, కన్నడలతో సహా కొన్ని భాషల్లోకి మారుస్తున్నారు, సంతోషం. వాటిని అందరికీ ఉచితంగా పెట్టారు, మరీ సంతోషం. ఆ పని జరగగలదని అదే రుజువు. మరి మిగతా సర్కారీ సినిమాలకు ఎందుకు జరగదు?

ఫిలిమ్స్ డివిజన్ ఉదాహరణ చూడండి. 1948లో పుట్టింది. పాత తరంవాళ్లందరికీ గుర్తుంటుంది, అసలు సినిమాకు ముందు టెంటులోనైనా థియేటరులోనైనా దాని వార్తాచిత్రమో డాక్యుమెంటరీయో పడాల్సిందే. థియేటరువాడు అద్దె కట్టి మరీ వేయాలి. ఆ చిత్రాలను తెలుగుతో సహా అనేక భాషల్లో తయారు చేసేవారు. అంటే తెలుగు గొంతు అప్పుడే పెట్టారు! 2022లో ఆ సంస్థను ఎన్ఎఫ్‌డీసీలో కలిపేశారు. చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైటు 60 ఏళ్లు. ప్రభుత్వ కృతులకూ అంతే. లెక్క వేయండి: 1964లో విడుదలైన సినిమా 2025 జనవరి 1 నుంచి అందరి సొత్తు. అంతకు ముందువన్నీ అంతే. ఏటేటా ఇంకో ఏడాది సినిమాలు బంధనం నుంచి బయట పడుతుంటాయి. వాటికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. కానీ రీలు వాళ్ల అరలో ఉంటే మన స్వేచ్ఛ ఎందుకు పనికొస్తుంది? కొన్నిటిని యూట్యూబులో పెట్టారు. తెలుగు ధ్వనితో, కాలేజీలు దింపుకుని దాచుకునేటట్టు మొత్తం పెట్టవద్దా?

మా బ్యాంకుల్లోనూ ఒకప్పుడు ఇలాంటి జాడ్యం ఉండేది. అప్పు పైసాతో సహా తీర్చినా ఇంటి పత్రాలు ఇవ్వడానికి రైతును నెలల తరబడి తిప్పుకునేవాళ్లం. తప్పు మాదే. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆజ్ఞ జారీ చేసింది: అప్పు తీరిన 30 రోజుల్లో పత్రాలు వాపసు ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం కట్టాలి. మర్నాటి నుంచి పత్రాలు ఎక్కడున్నాయో అందరికీ గుర్తొచ్చాయి! కాపీరైటు గడువు తీరిన సర్కారు సినిమాలకూ అలాంటి ఆజ్ఞ ఒకటి కావాలి.

"డబ్బెక్కడిది?" అంటారు. డబ్బుంది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పరిశోధన పత్రికలు, 6,300 పైచిలుకు ప్రభుత్వ సంస్థలకు, సుమారు 1.8 కోట్ల మందికి. ఒక్కో కాలేజీ విడివిడిగా వెళ్లి బేరమాడే బదులు దేశం మొత్తానికి ఒక్కటే బేరం. ఇది మంచి పద్ధతే, కాదనను. అయితే ఆ పత్రికల్లో దాదాపు అన్నీ ఇంగ్లీషువి. వాటిని చదివి అర్థం చేసుకునే పిల్లలు తాలూకా కాలేజీలో ఎందరు? బీకాం లెక్క ఒకటి వేస్తాను. ఏడాదికి 2,000 కోట్లు. అందులో నూటికి ఒక్క వంతు 20 కోట్లు. ఒక్కో విద్యా సినిమాకు శాశ్వత హక్కు, డబ్బింగ్ హక్కుతో సహా, 10 లక్షలు ఇచ్చామనుకుందాం. ఏడాదికి 200 సినిమాలు దేశం సొత్తవుతాయి. ఐదేళ్లకు వెయ్యి. ఆరో ఏట ఒక్క పైసా కట్టకపోయినా ఆ వెయ్యీ ఉంటాయి. ఇదీ ఆస్తి అంటే.

ఇక్కడ సినిమా తీసేవాళ్లు నన్ను కొట్టడానికి వస్తారేమో. వాళ్లకు ఒక మాట. మీ కష్టాన్ని ఉచితంగా ఇమ్మని నేననలేదు. డాక్యుమెంటరీ తీసేవాడు అప్పు కోసం మా దగ్గరికి వస్తే పూచీకత్తు ఏముందని అడిగి వెనక్కు పంపేది మేమే, ఆ సంగతి నాకు తెలుసు. నేనంటున్నది, మీకు న్యాయమైన ధర ఒకేసారి, నేరుగా అందాలని. ఇప్పుడు కాలేజీ కట్టే ఏడాది గుత్తలో ఎంత భాగం మధ్యనున్న కంపెనీకి పోతోందో, ఎంత మీ చేతికి వస్తోందో మీరే గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఇంకొకరు అంటారు: "యూట్యూబులో అన్నీ ఉన్నాయి గదా, ఈ గోల ఎందుకు?" అన్నీ లేవు. ఉన్నవి రేపు ఉంటాయన్న పూచీ లేదు. నడి పాఠంలో సబ్బు ప్రకటన వస్తుంది. ఏది ఎవరి అనుమతితో పెట్టారో తెలియదు. దొంగ సొత్తు మీద విశ్వవిద్యాలయం పాఠ్యక్రమం కట్టుకోవడం ఏం మర్యాద?

మరొకరి వాదన మరీ గడుసుది. "కర్ణాటకలో ఉంటూ తెలుగు కావాలంటారేమిటి?" అయ్యా, నేను రోజూ కన్నడలో ఉత్తరాలు రాసేవాణ్ని. మా పిల్లలు కన్నడ మాధ్యమంలో చదివి కన్నడలో పద్యాలు చెప్పగలరు. దాదాపు చుట్టూ ఆంధ్ర ఉన్న తాలూకా మాది. రెండు భాషలూ మాకు రెండు చేతులు. ఈ వ్యాసంలో నేనడిగేది తెలుగుతో పాటు కన్నడ కూడా. కన్నడ సినిమాలు కూడా ఆ జాబితాలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయని పైన చెప్పాను. ఈ దెబ్బ కన్నడ బిడ్డకూ తగులుతోంది, తుళు బిడ్డకూ తగులుతోంది, ఉర్దూ బిడ్డకూ తగులుతోంది. ఒక భాషకు తలుపు తెరిస్తే అన్నిటికీ తెరుచుకుంటుంది. ఇందులో తగాదా పెట్టేవాళ్లు ఎవరి కొమ్ము కాస్తున్నారో గమనించండి.

మరి చేయాల్సిందేమిటి? ఉపన్యాసంతో ఆపకుండా చేతనైన పనులు చెబుతాను.

మొదటిది కాలేజీలు, విశ్వవిద్యాలయాలు. సంతకానికి ముందు తిరుమణి రైతు అడిగిన నాలుగు ప్రశ్నలు అడగండి, ఐదోది కూడా చేర్చండి: సినిమా కింద మా భాషలో అక్షరాలు వేసుకునే హక్కు ఉందా? లేదంటే సంతకం పెట్టకండి. ఒక్క కాలేజీ అడిగితే కంపెనీ నవ్వుతుంది, వంద కాలేజీలు అడిగితే ఒప్పందం మారుతుంది. రెండోది ప్రభుత్వం. ప్రజల సొమ్ముతో తీసిన ప్రతి విద్యా సినిమాను, ఏ భాషలోకైనా మార్చుకునే అనుమతితో, దింపుకునే వీలుతో బయట పెట్టాలి. 52వ సెక్షనులో ఆ కాలేజీ విద్యార్థి ఎక్కడున్నా తన పాఠం సినిమాను చూడవచ్చని స్పష్టంగా రాయాలి. 32వ సెక్షనులో బోధన కోసం సినిమా డబ్బింగ్‌కు తేలిక దారి తెరవాలి.

మూడోది మనం. ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. గడువు తీరిన సినిమాలకు ఇప్పుడే మనం మాటలు రాయవచ్చు. ఈ పత్రిక పాఠకుల్లో రిటైరైన ఉపాధ్యాయులున్నారు, రేడియోలో గొంతు అరిగినవాళ్లున్నారు, రెండు భాషల్లో కలం నడిపేవాళ్లున్నారు. బెంగళూరు, బళ్లారి, కోలారు, హోసూరు, ఎక్కడ ఉన్నా నెలకు ఒక పదిహేను నిమిషాల సినిమాకు తెలుగు పాఠం, కన్నడ పాఠం తయారు చేయడం మన శక్తికి మించిన పని కాదు. పావగడ వంతుకు నేనూ, మా ఆ లెక్చరరు గారూ సిద్ధంగా ఉన్నాం. లెక్కలు నేను రాస్తాను, అది నాకు వచ్చిన విద్య.

చివరగా మళ్లీ ఆ ఫ్లోరైడు సినిమా. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి లోకానికి చెప్పింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరు నల్లగొండ పద్ధతి. జబ్బు తెలుగు నేల మీద, మందు పేరు తెలుగు ఊరిది, బాధ చెప్పిన అవ్వ తెలుగు మనిషి, వింటున్న పిల్ల తెలుగు పిల్ల. మధ్యలో ఒక లైసెన్సు కాగితం కూర్చుని ఆ ఇద్దరి మధ్య మాట ఆపేసింది.

ఆ అమ్మాయికి ఆ రోజు జవాబు చెప్పలేక మేమిద్దరం టీ తాగి వచ్చేశాం. వచ్చే ఏడాది ఆ బెంచీలో ఇంకో అమ్మాయి కూర్చుంటుంది. ఆమె అడిగేలోపల మనం ఏం చేశామో చెప్పగలిగే స్థితిలో ఉండాలి.